సత్యవేణి పెంచిన నలుసులు

రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పని మానేశాక సత్యవేణి హేచరీలో చేరింది. ఐసులో నానీ నానీ ఆమె వేళ్ళు పాసిపోయాయి. గోళ్ళ చుట్టూ పుండ్లు పడి, అన్నం కలుపుకుంటే మంట పుట్టేది. ఒకరోజు ఆమె ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినడం మొగుడు పెద్దిరాజు చూశాడు. అతను చేపల వేటకు పోయే మనిషి, ఒకరిని ఏదీ అడిగే అలవాటు లేనివాడు. ఆ సాయంత్రం ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళి హేచరీ యజమాని సుబ్రహ్మణ్యేశ్వరరావు గారిని అడిగాడు. రావుగారు తొట్లు కడిగే పని ఇచ్చారు.

ఆ హేచరీ ఓడలరేవు దగ్గర, పాయ ఒడ్డున, సరుగుడు తోటల వెనకాల ఉంటుంది. అక్కడ పండుగప్ప చేపల గుడ్లు పొదిగించి, పిల్లల్ని తీసి చెరువుల వాళ్ళకు అమ్ముతారు. సత్యవేణి పొద్దున్నే వెళ్ళి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, తొట్లలోకి దిగి పాచి గీకేది. నోరెత్తేది కాదు. పనివాళ్ళు నవ్వుకునే చోట తనూ నిలబడి ఓ నవ్వు నవ్వి వెళ్ళిపోయేది.

ఆమెకు పిల్లలు లేరు. కడుపున నలుసు పడలేదని అత్తవారి వైపు ఆడవాళ్ళు అంటే, "మా ఎంకన్న ఉన్నాడు కదండీ" అనేది. వెంకన్న ఆమె తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. సత్యవేణి కాపురానికి వస్తూ వాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దిరాజు కాదనలేదు. వాడు పెరిగి, విజయ అనే పిల్లను పెళ్ళి చేసుకుని, పక్క వీధిలోనే కాపురం పెట్టాడు. పొద్దున టీ మాత్రం అక్క ఇంట్లోనే తాగేవాడు.

సత్యవేణి చేరిన ఏడాదే హేచరీకి వాణి అనే అమ్మాయి వచ్చింది. రాయవరం దగ్గర వరి పండించే ఇంటి పిల్ల. చేపల చదువు చదువుకుంది. రావుగారు ఆమెకు అప్పగించిన పని చిన్నగా కనబడే పెద్ద పని. గుడ్డులోంచి బయటికొచ్చిన పండుగప్ప పిల్లకు నోరు సూది బెజ్జమంత. అది పొడి మేత ముట్టదు. కళ్ళముందు కదిలేదాన్నే పట్టి మింగుతుంది. అందుకని అందరూ విదేశాల నుంచి డబ్బాల్లో వచ్చే ఓ రకం నీటిపురుగుల ఎండు గుడ్లు తెచ్చి ఉప్పునీళ్ళలో పొదిగిస్తారు. వాటి పిల్లలు ఈ నోటికి పెద్దవి. సత్తువ కూడా తక్కువ. చేపపిల్లలు కుప్పలుగా చచ్చిపోయేవి, బతికినవాటిలో చాలా వాటికి వెన్ను వంకర వచ్చేది.

"పాయలో పుట్టిన పండుగప్ప ఏం తిని బతుకుతోందో అదే పెడదాం" అంది వాణి.

పాయ నీటిని సన్నటి వలగుడ్డలో వడగడితే రొయ్యజాతికి చెందిన అతి చిన్న జీవాలు దొరికేవి. గాజుగ్లాసులో పోసి వెలుతురుకు పెడితే తెల్లటి చుక్కలు గెంతినట్టు కనబడేవి. వాణి చెప్పిన ఇంగ్లీషు పేరు ఎవరి నాలికకూ తిరగలేదు. పనివాళ్ళు వాటిని నలుసులు అన్నారు. వాణి కూడా అలాగే అనడం మొదలుపెట్టింది.

నలుసులు పాయలో కోకొల్లలు. తొట్టిలో మాత్రం నిలిచేవి కావు. కాస్త ఇరుకైతే ఒకదాని పిల్లల్ని ఒకటి తినేసేవి. వేసవిలో నీరు వేడెక్కగానే అడుగుకు దిగి చచ్చేవి.

"మా నాన్న విత్తనానికి మంచి వెన్నులు ఏరి పక్కన పెడతాడు. మనమూ అదే చేద్దాం. ఇరుకులో బతికినవాటిని, ఎండకు తట్టుకున్నవాటిని ఏరదాం. వాటి పిల్లల్లో మళ్ళీ ఏరదాం" అని వాణి తన పనికి ఓ మనిషి కోసం వెతికింది. ఇద్దరు ముగ్గురిని కూచోబెట్టి చూసింది. మైక్రోస్కోపులో చూస్తూ, గుడ్లసంచి మోస్తున్న తల్లి నలుసును డ్రాపరుతో నలగకుండా పీల్చి వేరే గిన్నెలో వదలాలి. అందరి చేతులూ వణికాయి. సత్యవేణి చెయ్యి వణకలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావు వేణక్కా?" అంది వాణి.

"పేలు తీసేదాన్నండి, మా తమ్ముడికి" అంది సత్యవేణి.

అప్పట్నుంచి ఆమెకు తొట్ల పని తప్పింది. ఏది దేనితో కలపాలో, ఎంత వేడిలో పెట్టి చూడాలో వాణి ఆలోచించేది. ఏరేది సత్యవేణి. నలుసులకు ఓ తరం తిరగడానికి పక్షం రోజులు చాలు. తరం వెంట తరం ఏరుకుంటూ పోయారు. మొదట అన్నీ చచ్చేవి. ఒక్కోసారి గిన్నెలో మిగిలిన కొద్దిపాటి వాటితో మళ్ళీ మొదలు. వాణి ఏడ్చిన రోజులున్నాయి. అలాంటప్పుడు సత్యవేణి నలుసుల మేతకు ఆకుపచ్చటి నాచునీళ్ళు కొలిచి పోసి, స్టూలు దగ్గరకు లాక్కుని కూచునేది.

కరోనా వచ్చి దారులు మూసేసినప్పుడు వాణి రాయవరంలో ఉండిపోయింది. సత్యవేణి ఒక్కతే ఆ గదిని కాచింది. కరెంటు పోతే గాలి గొట్టాలు ఆగిపోకుండా బ్యాటరీ మార్చేది. ఫోనులో వీడియో పెట్టి, "ఇదిగోండి వాణిగారూ, ఈ మూలనున్నది చూడండి, సంచి ఎంత బరువుగా ఉందో" అనేది. వాణి అవతల నవ్వేది. రోజంతా ఎవరితోనూ మాట్లాడని సత్యవేణి ఆ ఫోనులో మాత్రం గలగలా మాట్లాడేది.

కొన్నేళ్ళకు జాతి నిలబడింది. ఇరుకులో బతికింది. రోహిణికార్తె ఎండల్లో కూడా గెంతింది. ఒళ్ళు నిండా కొవ్వు పట్టి, మైక్రోస్కోపులో నారింజరంగు తిరిగి కనబడేది. అవి తిన్న పండుగప్ప పిల్లలు నిటారుగా, గట్టిగా వచ్చాయి. భీమవరం నుంచి, నెల్లూరు నుంచి వ్యాన్లు వచ్చి గేటు దగ్గర ఆగేవి. రావుగారు ఆ గదికి తాళం వేయించారు. తాళంచెవి వాణి దగ్గర ఒకటి, సత్యవేణి దగ్గర ఒకటి.

"సార్, కొన్ని తీసుకెళ్ళి వేరే ఊళ్ళో, వేరే నీళ్ళలో దాచుదామండి. ఇక్కడ ఏదైనా అయితే?" అని వాణి చాలాసార్లు అడిగింది.

"బయటికెళ్తే మనవి కావమ్మా. రేపు అందరి దగ్గరా ఇవే ఉంటాయి" అనేవారు రావుగారు. ఆయన చెడ్డ మనిషి కాదు. చేపపిల్లలు చచ్చిన సంవత్సరాల్లో చాలా నష్టాలు చూశారు. అంతగా అడిగితే పక్క గదిలో నలుసుల జాడీలు ఇంకో వరస పెట్టించారు. రెండు గదులకూ నీళ్ళు వచ్చేది ఒక్క పాయ నుంచే.

వెంకన్న అప్పటికి రొయ్యల చెరువు కౌలుకు పట్టాడు. పాయకు ఎగువన, మురుగుకాలువ మీద. ఆ చెరువు రావుగారి బావమరిదిది. సత్యవేణి చెప్పగా రావుగారే మాట సాయం చేసి ఇప్పించారు.

ఆ కార్తీకమాసంలో వాయుగుండం పట్టింది. వెంకన్న కొత్త పంటకు చెరువు సిద్ధం చేస్తూ, పీతలూ చిల్లర రొయ్యలూ చావడానికి మందు కొట్టి ఉన్నాడు. అవి బతికుంటే వాటితో తెగులు వస్తుంది. మందు కొట్టిన నీరు దాని జోరు చచ్చేదాకా చెరువులోనే ఉండాలి. వాన ఆగకుండా పడింది. గట్టు ఓ పక్క జారడం మొదలైంది. వెంకన్న తూము ఎత్తి నీళ్ళు కాలువలోకి వదిలేశాడు.

హేచరీలో మోటారు పనివాడు సాలమోను సముద్రం నీరు పాయలోకి ఎక్కే పోటు మీద నీళ్ళు తోడాడు. ఎప్పటిలాగే నీళ్ళు తేరాయి. బ్లీచింగు వేశారు, వడగట్టారు. క్రిములు చావడానికి ఆ మాత్రం చాలు. ఆ మందు విరగడానికి చాలదు.

సత్యవేణి మర్నాడు జాడీల్లో కొత్త నీళ్ళు మార్చింది. రెండు గదుల్లోనూ మార్చింది. మధ్యాహ్నం అన్నం తినొచ్చి లైటు వేసింది. లైటు వెయ్యగానే నలుసులు వెలుతురు వైపు మూగేవి. ఆ రోజు మూగలేదు. జాడీ అడుగున సున్నం పేరుకున్నట్టు తెల్లగా ఉంది. ఆమె ఇంకో జాడీ చూసింది, ఇంకోటి చూసింది. పక్క గదిలోకి పరిగెత్తింది. అక్కడ ఇంకా కొన్ని గిలగిల్లాడుతున్నాయి. తిన్నగా ఈదడం లేదు, ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి.

"వాణిగారూ!" అని ఆమె అరిచిన అరుపుకు గేటు దగ్గరున్నవాళ్ళు కూడా వచ్చారు.

వాణి మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు లేవలేదు. తర్వాత వెళ్ళి చేపపిల్లల తొట్లు చూసొచ్చింది. అవి హాయిగా ఈదుతున్నాయి.

"చేపలు బాగున్నాయి. రొయ్యజాతి కాబట్టి ఇవే పోయాయి" అంది. "ఇది పీతల మందు, వేణక్కా. ఎవరో చెరువు వదిలేశారు."

మందు కలవని ఉప్పునీళ్ళు దొరికినన్ని పోశారు. పాత తొట్టిలో మిగిలిన నీళ్ళు గుడ్డలో వడగట్టి పోశారు. సత్యవేణి కదిలే ప్రతి నలుసునూ డ్రాపరుతో తీసి కొత్త గిన్నెలో వదిలింది. వదిలినవి వదిలినట్టే అడుక్కి దిగాయి. సాయంత్రమయ్యేసరికి కదిలేవి లేవు.

రావుగారు వచ్చి జాడీలు చూసి, సాలమోనును పిలిపించారు.

"పాటు మీద తోడావా? నీరు దిగిపోయి కాలువలన్నీ పాయలో పడే వేళకి తోడావా?"

"లేదండి. నిండు పోటు మీదే తోడేనండి. వానలండి, పాయే ఎర్రగా ఉందండి. మీరు నీళ్ళు కావాలన్నారనే..."

"నోరుమూసుకో. ఇన్నేళ్ళ పని ముంచేశావు."

సాలమోను తల వంచుకుని నిలబడ్డాడు. మర్నాటి నుంచి అతన్ని రావద్దన్నారు.

సత్యవేణి ఆ సాయంత్రం కాలువగట్టు మీదుగా ఇంటికి నడిచింది. వాన వెలిసింది. కాలువ వార పొడుగునా పీతలు వెల్లకిలా పడి ఉన్నాయి. కాకులు వాలి ఉన్నాయి గానీ తినడం లేదు. ఆమె వాటిని చూసుకుంటూనే ఎగువకు నడిచింది. పీతలు వెంకన్న చెరువు తూము దగ్గర ఆగిపోయాయి. వెంకన్న గట్టు మీద మట్టి బస్తాలు పేరుస్తున్నాడు.

"తూము తీసేవా?" అంది.

"గట్టు జారిపోతందక్కా. తియ్యకపోతే చెరువంతా పోయేది."

"మా నీళ్ళు తోడేది ఆ పాయలోనే కదరా."

"వానకి పాయ పొంగిపోతంది కదా, కలిసిపోద్దిలే అనుకున్నాను." వాడు ఆమె మొహం చూసి బస్తా దించాడు. "చచ్చినియ్యా?"

"అన్నీని."

వెంకన్న గట్టు మీద కూలబడ్డాడు. వాడికి ఆ నలుసుల సంగతి తెలుసు. పొద్దున్న టీ తాగుతూ ఎన్నిసార్లో విన్నాడు.

"రావుగారికి చెప్పకక్కా. చెరువు ఆళ్ళ బావమరిదిది. పీకేస్తారు. నాకు ఇంకోటి ఎవరిస్తారు?"

"సాలమోనుని మానిపించేసేరు."

"ఆడు మోటారు పనోడు. ఎక్కడైనా దొరుకుద్ది. నాకెక్కడ దొరుకుద్ది చెప్పు?"

సత్యవేణి ఇంటికి వచ్చేసింది.

ఆ తర్వాత ఆమె హేచరీకి వెళ్ళేది, జాడీలు కడిగేది, వచ్చేది. వెంకన్న టీకి వచ్చేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. వాణి చుట్టుపక్కల చెరువులు తిరిగి ఎవరు నీళ్ళు వదిలారో అడుగుతోందని, ఎవరూ ఒప్పుకోవడం లేదని తెలిసింది. వాణి సత్యవేణిని అడగలేదు. అడుగుతుందేమోనని సత్యవేణి ఆమె కళ్ళలోకి చూడడం మానేసింది.

ఆదివారం నాడు ఆటో స్టాండు దగ్గర సాలమోను భార్య కుమారి కలిసింది. ప్రార్థనకు వెళ్ళి వస్తోంది, చేతిలో బైబిలు ఉంది.

"సత్యవేణిగారూ, మీ మాటంటే రావుగారికి గురి కదండీ. ఓ మాట చెప్పండి. ఆయన పోటు మీదే తోడేరంట. ఇంట్లో కూర్చుని అదే మాట అంటన్నారండి. అన్నం పెడితే అదే, పడుకుంటే అదే. ఊళ్ళో అందరూ ఆయన వల్లే పోయిందంటన్నారు."

"ఆయ్, చెప్తానండి" అంది సత్యవేణి. ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించి, దాని ముందే కూర్చుండిపోయింది. ఎసరు మరిగి ఆవిరైపోయింది.

వేట నుంచి వచ్చిన పెద్దిరాజు గిన్నె దించాడు. ఆమె అతనికి అంతా చెప్పింది. అతను చాలాసేపు వల చిక్కు విప్పుతూ కూర్చున్నాడు.

"ఆణ్ణి నువ్వు పెంచేవు. నువ్వు చెప్పినా నేనేవీ అనను, చెప్పకపోయినా అనను. అయితే ఇలాగ తినకుండా మాత్రం కూచోకు" అన్నాడు.

మర్నాడు సత్యవేణి రావుగారి గదిలోకి వెళ్ళింది. వాణి కూడా ఉంది.

"సాలమోనుది తప్పు కాదండి. ఆ మందునీళ్ళు మా తమ్ముడి చెరువులోవండి. నేను చూసేను. ముందే చెప్పాల్సిందండి."

రావుగారు కోప్పడతారని ఆమె అనుకుంది. ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "నువ్వెళ్ళమ్మా" అన్నారు. ఆమె గుమ్మం దాటకముందే ఫోను తీశారు.

ఆ వారంలోనే చెరువు పోయింది. వెంకన్న సామాను ట్రాక్టరులో వేసి గట్టు దింపేశారు. వాడు తిన్నగా అక్క ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు.

"పురుగుల కోసం నన్ను అప్పజెప్పేవా అక్కా?"

"పురుగుల కోసం కాదురా. ఆ సాలమోను..."

"సాలమోను నీకేమవుతాడు?"

సత్యవేణి గుమ్మం దిగింది. వాడు ఆగకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు ఆమె అలవాటు కొద్దీ టీ ఎక్కువ పెట్టింది. ఆ తర్వాత తగ్గించి పెట్టడం నేర్చుకుంది.

సంక్రాంతి ముందే వెంకన్న ఖతారులో చేపల బోటు మీద పనికి వెళ్ళిపోయాడు. వెళ్ళే సంగతి అక్కకు చెప్పలేదు. విజయ ఇల్లు ఖాళీ చేసి అంతర్వేదిలో పుట్టింటికి పోయింది. ఓసారి అమలాపురం బజారులో ఎదురుపడితే చీర కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుంది.

రావుగారు సాలమోనుకు కబురు పెట్టారు. అతను వచ్చి, చెప్పులు బయట విడిచి, నిలబడే మాట్లాడాడు. "మీరు పిలిచేరు, చాలండి. ఇంక ఇక్కడ చెయ్యలేనండి. మోటారు వేసినప్పుడల్లా చెయ్యి వెనక్కి వచ్చేస్తదండి" అన్నాడట. కాకినాడ వైపు ఏదో ఐసు ఫ్యాక్టరీలో చేరాడని తర్వాత తెలిసింది. కుమారి వెళ్ళే ముందు సత్యవేణి ఇంటికి వచ్చి, కొబ్బరికాయలు రెండు గుమ్మంలో పెట్టి వెళ్ళింది. చెప్పినందుకు కృతజ్ఞతో, ఆలస్యంగా చెప్పినందుకు నిష్ఠూరమో సత్యవేణికి అర్థం కాలేదు. ఆ కాయలు కొట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

వాణి మాత్రం మళ్ళీ మొదలుపెడదాం అంది. పెద్దిరాజు నాటుపడవ వేసుకుని ముగ్గురూ పాయ సముద్రంలో కలిసే మొగదాకా వెళ్ళారు. సన్నవల దింపి నీళ్ళు వడగట్టి తెచ్చారు. నలుసులు దొరికాయి. సత్యవేణి మళ్ళీ స్టూలు మీద కూచుంది. అవే రంగు, అవే కాళ్ళు, అదే గుడ్లసంచి. వాటిని తొట్టిలో వేస్తే మొదటి ఏడాదిలో చచ్చినట్టే చచ్చాయి.

"అప్పుడూ ఇలాగే కదా వేణక్కా, ఓపిక పట్టాం" అనేది వాణి.

ఓపిక పట్టారు. వేసవి వచ్చింది. ఎండకు గది మూలల్లో తడిగోనెలు కట్టారు. ఎవరూ పని మానలేదు. నలుసులు నిలవలేదు. మరో వానాకాలం, మరో వేసవి చూశారు. మధ్యలో ఓ తల్లి నలుసు వంశం కాస్త సాగింది. వాణి దాని మీద ఆశ పెట్టుకుంది. సత్యవేణి పెట్టుకోలేదు. పాత జాతి కళ్ళముందే ఎన్ని తరాలు దాటి వచ్చిందో ఆమె చేతికి తెలుసు. అన్ని తరాలు మళ్ళీ ఏరడానికి తనకు చూపు ఉంటుందో లేదో. అప్పటికే మైక్రోస్కోపులో అంచులు మసకబారుతున్నాయి. ఆ మాట వాణికి చెప్పలేదు. ఆ వంశం కూడా మే నెల దాటలేదు.

రావుగారు మళ్ళీ డబ్బాల గుడ్లు తెప్పించారు. వాణికి తమిళనాడులో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే రోజు ఆమె గదిలో ఒక్కతే కాసేపు కూచుని, మైక్రోస్కోపుకు గుడ్డ కప్పి బయటికి వచ్చింది.

"వేరే చోట దాచాల్సింది, వేణక్కా. సార్ వద్దన్నా ఓ సీసాడు పట్టుకుపోయి మా ఇంట్లో పెట్టాల్సింది" అంది.

"పోనియ్యండి. మీరు చెప్పకుండా చేసే మనిషి కాదు కదా" అంది సత్యవేణి. బస్సు కదిలేదాకా నిలబడింది.

ఇప్పుడు ఆమె డబ్బాల గుడ్లు పొదిగించి చేపపిల్లలకు పోస్తుంది. పిల్లలు బతికినన్ని బతుకుతాయి. నిలకడైన చెయ్యి అని రావుగారు ఆమెకు ఇంకో పని కూడా ఇచ్చారు. వ్యాను వచ్చే ముందు వెన్ను వంకర పోయిన పిల్లల్ని ఏరి పారెయ్యాలి. కళ్ళజోడు పెట్టుకుని, తెల్లటి బేసిను ముందు కూచుని ఏరుతుంది. వంకరవి పక్కకు తిరిగి ఈదుతాయి, అందుకని తొందరగానే దొరుకుతాయి. బకెట్టులో పడ్డాక కూడా కాసేపు అలాగే ఈదుతాయి.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం, ఆమె బేసిను ముందు ఉండగా ఫోను మోగింది. తెలియని నంబరు. అవతల గాలిహోరు, ఇంజను చప్పుడు.

"అక్కా."

రెండేళ్ళ పైగా వినని గొంతు. ఆమె తడిచేతులు చీరకు తుడుచుకుంది.

"తిన్నావా?" అంది.

"తిన్నాను. బావ బాగున్నాడా?"

"ఆయ్. వేటకెళ్ళేడు. నీ ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. ఇక్కడ బాగా ఎండక్కా." వాడు ఇంజనుకు దూరంగా జరిగినట్టున్నాడు, చప్పుడు తగ్గింది. తర్వాత వాడు అడిగాడు. "ఆ నలుసులు మళ్ళీ వచ్చినియ్యా?"

అవునంటే వాడికి ఎంత తేలికవుతుందో సత్యవేణికి తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"లేదురా. రాలేదు. చాలా చూసేం" అంది.

వాడు ఫోను పెట్టెయ్యలేదు. ఆమె కూడా పెట్టెయ్యలేదు. ఎవరో అరబ్బీలో కేకేశారు. "పిలుస్తన్నారు, ఉంటాను" అని వాడు పెట్టేశాడు.

బయట వ్యాను హారను కొట్టింది. సత్యవేణి కళ్ళజోడు తుడుచుకుని బేసిను దగ్గరకు లాక్కుంది.